జానెడు దుంగ

అహ్మద్‌నగర్ క్యాంపు,
30 మే 1943

మామా,

నీ అల్లుడు రాఘవులు దండం పెట్టి రాస్తున్నాడు. ఒంట్లో బాగానే ఉంది. రొట్టెలు నమిలి నమిలి దవడలు మాత్రం ఎద్దు దవడల్లా తయారయ్యాయి. మన శబరి చేపల పులుసు గుర్తొస్తే ఇక్కడి పప్పు గొంతు దిగదు. ఈ మాట సోమమ్మకు చదివి వినిపించు, నవ్వుతుంది. పెళ్ళైన కొన్నాళ్ళకే పెళ్ళాన్ని పుట్టింట్లో వదిలి పటాలంలో వడ్రంగిగా చేరినవాణ్ని. ఆమెను నవ్వించడానికి నాకు ఉత్తరం తప్ప ఏముంది?

ఇక అసలు సంగతి. ఇన్నాళ్ళూ లారీలకు పలకలు బిగిస్తున్నాను గదా. పొద్దుపోక ఖాళీ బిస్కెట్ డబ్బాల రేకు కత్తిరించి మూరెడు టాంకు బొమ్మ ఒకటి చేశాను. నువ్వు టాంకును చూడలేదు. మన పనికొట్టమంత ఉంటుంది, ఒళ్ళంతా ఇనుము, చక్రాల చుట్టూ ఇనుప పట్టా, నెత్తిన ఫిరంగి. లోపల మనుషులు కూర్చుని తోలుతారు. మా కప్తాను దొర నా బొమ్మ చూసి, లారీల పని మాన్పించి, బొమ్మల గదిలో కూర్చోబెట్టాడు. కొత్త జవాన్లకు ఆ బొమ్మలు ముందు పెట్టి పాఠం చెబుతారు.

మామా, ఇక్కడున్నవాళ్ళు రెండే రకాలు. క్యాంపులో పని ఉన్నవాళ్ళు, తూర్పుకు పోయేవాళ్ళు. తూర్పంటే బర్మా వైపు, యుద్ధం దగ్గరికి. నాతో పాటు చేరినవాళ్ళు చాలామంది పోయారు. వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరాలు రావడం లేదు. దసరా అయ్యాక పెద్ద దొర వచ్చి అందరి బొమ్మలూ చూసి, ఒక్కణ్ని ఈ గదికి ఖాయం చేస్తాడట. ఆ ఒక్కడు యుద్ధం అయ్యేదాకా ఇక్కడే. నేను ఆ ఒక్కణ్ని కావాలి.

నా రేకు పనికి వంక పెట్టలేదు దొర. కానీ అసలు టాంకు మీద కట్టె సామాను కూడా ఉంటుంది. పక్కన పారకూ గొడ్డలికీ కట్టె పిడులు, వెనక కట్టె పెట్టెలు, బురదలో దిగబడితే పట్టాల కింద వేయడానికి ఒక పెద్ద దుంగ. నేను అవి రేకుతోనే చేసి రంగు పూశాను. దొర చూసి, గోడ మీద గీసిన అన్నంతో కడుపు నిండుతుందా అన్నాడు. కట్టెది కట్టెతోనే చేయాలట. ఇక్కడ దొరికేది పెట్టెల దేవదారు. సన్నగా చీలిస్తే పేలిపోతుంది. నువ్వు పంపు మామా. దుంగ జానెడు పొడుగు, బొటనవేలి లావు. పిడులు అగరొత్తి కంటే కాస్త లావు. పెట్టెలు అగ్గిపెట్టెలంత.

నీ చేతి కింద పెరిగిన
రాఘవులు

* * *

కొంటా, బస్తర్ రాజ్యం,
20 జూన్ 1943

అల్లుడా,

నిండు నూరేళ్ళూ బతుకు. నీ ఉత్తరం కూనవరం మీదుగా వచ్చేసరికి తడిసి ముద్దైంది. పొయ్యి పక్కన ఆరబెట్టి చదివాను. శబరికి ఎర్రనీళ్ళు వచ్చేశాయి.

ఇనుప ఏనుగు మూరెడట, దానికి కట్టె సామానట! దొరలకు ఏ పనీ లేనట్టుందని ముందు నవ్వుకున్నాను. తూర్పు సంగతి చదివాక నవ్వు రాలేదు. ఆ పూటే గొల్లపల్లి వాళ్ళ తలుపుల పని పక్కన పడేశాను. వాళ్ళు వచ్చి అరిచారు. అరవనీ.

పెట్టెలకు టేకు, పిడులకు అంకుడు. దుంగకు మాత్రం ఎవరి ఇంటికీ ఇవ్వకుండా దాచుకున్న జిట్రేగి చెక్క తీశాను. చిత్రిక పట్టి, గుండ్రంగా తీసి, లక్క పూసి, మొగలాకుతో రుద్ది రుద్ది మెరుగు పెట్టాను. అందులో నీ మొహం చూసుకోవచ్చు. సోమమ్మ పక్కనే కూర్చుని, "మా అయ్య నన్ను చిన్నప్పుడు గూడ ఇట్ల ఒళ్ళో పెట్టుకోలేదు, కట్టెకున్న అదృష్టం నాకేది" అని ఆడిపోసుకుంది. ఈ మాట కూడా రాయమంది, రాశాను.

మీ దొరకు చూపించు. కొంటా ముసలయ్య పని అని చెప్పు.

దీవెనలతో
మామ

* * *

అహ్మద్‌నగర్ క్యాంపు,
12 జులై 1943

మామా,

దండం. నీ కట్ట అందింది. విప్పగానే లక్క వాసనకు మన కొట్టంలో నిలబడ్డట్టే అయింది. ఎంతసేపు అట్లా కూర్చున్నానో.

ఎట్లా రాయాలో తెలియక రెండు కాగితాలు చించాను. మామా, నీ దుంగను దొర వేళ్ళ మధ్య తిప్పి, ఇది మంచం కోడా అని అడిగాడు. గదిలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. తప్పు నాదే, సరిగా చెప్పలేదు. టాంకు దుంగ అంటే అడవిలో నరికి అట్లాగే ఇనుప తాళ్ళతో కట్టేసినది. బెరడుండాలి, గరుకుండాలి, బురద పట్టినట్టుండాలి. పిడులనూ పెట్టెలనూ మేకుతో గీకి, బూడిద రుద్ది, పాతవాటిలా చేసుకున్నాను, అవి సరిపోయాయి. నువ్వు పెట్టిన మెరుగును గీకుతుంటే చేతులు రాలేదు.

దుంగ ఒక్కటే కావాలి. ఇక్కడి తుమ్మ కొమ్మలు ఎన్ని చూసినా, కొమ్మ కొమ్మలాగే కనిపిస్తుంది. బెరడు పగుళ్ళు బొమ్మకు మరీ పెద్దవి. బొటనవేలంత లావుండి, చూస్తే వందేళ్ళ మాను అనిపించాలి. అట్లాంటిది మన అడవిలో ఉంటుంది, నీ కంటికే దొరుకుతుంది. దొరికిన రోజే పంపెయ్. ఏమీ చేయొద్దు, ముట్టుకోవద్దు, అట్లాగే గుడ్డలో చుట్టి పంపెయ్.

సోమమ్మను అడిగానని చెప్పు.

రాఘవులు

* * *

కొంటా,
6 ఆగస్టు 1943

అల్లుడికి,

మంచం కోడా! ముసలయ్య చేసిన మంచం కోడు మీద పడుకునే భాగ్యం ఆ దొరకు ఏ జన్మకైనా ఉందా అని అడుగు. నా చేతిలోంచి పోయిన పని తిరిగొచ్చిన మాట ఈ శబరి ఒడ్డున ఎవరూ వినలేదు. ఆ మాట నాకు రాయకపోతే నీకు నిద్ర పట్టలేదా? నువ్వు కూడా నవ్వావట. బాగుంది.

రెండు రోజులు కొట్టం తలుపు తీయలేదు. సోమమ్మ అన్నం పెట్టకుండా ఎదురుగా కూర్చుని, "ఆయన అడిగింది దుంగ, నువ్విచ్చింది అద్దం. తప్పెవరిది అయ్యా?" అని నిలదీసింది. ఆడపిల్లకు ఇంత నోరు మీ అత్త ఉండగా లేదు.

కోపం కాస్త దిగాక దేవాను పిలిచాను. మన పక్కింటి దొర్ల కోయల దేవానే, అడవిలో ఏ చెట్టు ఎక్కడుందో చేతి గీతల్లా తెలిసినవాడు. నీ సంగతి చెప్పాను. వాడు "తునికి తీస్కో మామా, భేజ్జి తోవల గుట్ట మీద ఉన్నయి. ఏటేట మంటకు కాల్తయి, మళ్ళ లేస్తయి. ఎదగవు, ముసల్వి అయితయి" అన్నాడు. వెళ్ళి చూశాను. నిజమేరా. బొటనవేలంత లావు, బెరడు మాత్రం పెద్ద తునికి మాను బెరడే, నల్లగా, చిన్న చిన్న పెంకులుగా పగిలి. నువ్వడిగిన వందేళ్ళ మాను చంటిపిల్లాడి చేతికి సరిపోయేంత ఉంది. చూస్తే నాకే ముచ్చటేసింది.

కొట్టలేదు. ఇప్పుడు వెన్నెల పక్షం. వెన్నెల్లో కొట్టిన కట్టెకు పురుగు పడుతుందని నీకు నేను చెప్పాలా? అమావాస్య ముందు కొడతాను. వానాకాలపు కట్టె, లోపలంతా నీరు. కొసలకు లక్క పూసి, ఊకలో పూడ్చి, నీడన ఆరబెట్టాలి. తొందరపడితే బెరడు ఊడి చేతికొస్తుంది. అప్పుడు మీ దొర ఇది చీపురుపుల్లా అంటాడు. ఓపిక పట్టు.

మామ

* * *

అహ్మద్‌నగర్ క్యాంపు,
29 ఆగస్టు 1943

మామా,

కాళ్ళు పట్టుకుని రాస్తున్నాను. ఓపిక పట్టే రోజులు కావివి. తూర్పుకు పంపడానికి పేర్లు రాయడం మొదలుపెట్టారు. మా పక్క బ్యారెక్ ఖాళీ అయింది. నా పక్క మంచం నుంచి వెళ్ళినవాడు చెప్పులు ఇక్కడే మర్చిపోయాడు, ఎవరూ తీయడం లేదు.

బొమ్మల గదిలో ఇంకొకడున్నాడు, పంజాబువాడు. మంచివాడే. వాడి రేకు పని నా పనికి సరిరాదు, దొరే అన్నాడు. కానీ వాడు కంచెలోంచి ఒక పుల్ల విరిచి దుంగలా కట్టేశాడు. బాగాలేదు, అయినా ఉంది. నా బొమ్మ వెనక ఖాళీగా ఉంది. దొర వచ్చినప్పుడల్లా ఆ ఖాళీనే చూస్తాడు.

తడిదే పంపు మామా. పురుగు పడితే పడనీ. ఈ బొమ్మను పెద్ద దొర ఒక్కసారి చూస్తాడు, అంతే. తరవాత దాన్ని పొయ్యిలో పెట్టుకున్నా నాకు బాధ లేదు. ఒక్క పూట నిలబడే పని చాలు నాకు.

సోమమ్మతో నువ్వే చెప్పు, నాకు రాయడం చేతకావడం లేదు.

రాఘవులు

* * *

కొంటా,
20 సెప్టెంబరు 1943

రాఘవులుకు,

ఒక్క పూట నిలబడే పని నాకు రాదు. నీకు నేను నేర్పలేదు కూడా. ఎవరి దగ్గర నేర్చావో వాళ్ళనే అడుగు.

ఇట్లా రాసి పెట్టాను. మర్నాడు మళ్ళీ కలం పట్టాను. దుంగను అమావాస్య ముందే కొట్టాం, నేనూ దేవా. ఊకలో ఉంది. మొన్న తీసి చూశాను. బెరడు ఇంకా పచ్చిగానే ఉంది, గోటితో నొక్కితే నీరు ఊరుతోంది. ఈ స్థితిలో పంపితే దారిలోనే బూజు పట్టి, నీ చేతికి తొక్కా కట్టే వేరువేరుగా అందుతాయి. మొదటి కట్ట పంపి నలుగురిలో నిన్ను నవ్వులపాలు చేశాను. రెండోసారి చేయలేను. అది నీకు అర్థం కావడం లేదు. నా కోసం కాదురా, నీ కోసమే.

సోమమ్మ నాతో మాట్లాడటం లేదు. నిన్న ఊక తొట్టి దగ్గర నిలబడి, నన్ను చూడకుండా ఒక్క మాట అంది: "కట్టె మీదున్న ఓర్పు మనిషి మీద ఉండదేంది అయ్యా నీకు?" కట్టె సంగతి ఆడవాళ్ళకేం తెలుసు?

పైగా శబరి పొంగి ఉంది. టపా మనిషి అవతలి ఒడ్డునే ఆగిపోయాడు. ఈ ఉత్తరమే ఎప్పుడు కదులుతుందో.

మామ

* * *

అహ్మద్‌నగర్ క్యాంపు,
14 అక్టోబరు 1943

మామకు,

పెద్ద దొర వచ్చాడు, చూశాడు, వెళ్ళాడు. నా బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పట్టాల మేకులు వేలితో తడిమి చూశాడు. తరవాత వెనక్కి తిప్పి, దుంగ ఏదీ అన్నాడు. ఇంటి నుంచి వస్తోందని కప్తాను దొర చెప్పాడు. పెద్ద దొర నవ్వి పంజాబువాడి బొమ్మ దగ్గరికి పోయాడు. సామాను పూర్తిగా ఉన్న బొమ్మ అదొక్కటే.

వాణ్ని ఖాయం చేశారు. నా పేరు తూర్పుకు రాశారు. టాంకులతో పాటే పోవాలి, విరిగినవి బాగుచేయడానికి. రేపు రైలు.

ఇక దుంగ పంపొద్దు. అవసరం లేదు. నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను గానీ ఈ పూట రాయలేను.

సోమమ్మకు ఈ ఉత్తరం మొత్తం చదవొద్దు. రైలెక్కానని మాత్రం చెప్పు.

రాఘవులు

* * *

కొంటా,
17 అక్టోబరు 1943

మా బంగారు అల్లుడికి,

తీసుకో! దుంగ పంపుతున్నాను. ఊకలోంచి తీసి ఎండకు చూపించాను, నేల మీద వేసి కొట్టాను, ఒక్క పెంకు రాలలేదు. గంటలా మోగింది. కొసల్లో లక్క గీకేసి నరికిన గాటు పచ్చిగా కనిపించేటట్టు చేశాను, గొడ్డలితో నరికిన దుంగ అట్లాగే ఉంటుంది. ఒక పక్క నూకల పిండిలో ఎర్రమట్టి కలిపి బురద పూశాను. మెరుగు పెట్టలేదురా! నా చేతులు కట్టేసుకున్నంత పనైంది గానీ పెట్టలేదు.

దేవా చూసి, "దీన్ని ఎత్తాలంటే నలుగురు కావాలె" అని బరువు మోస్తున్నట్టు నడుం వంచి నడిచాడు. సోమమ్మ ఎన్నాళ్ళకో నవ్వింది. దుంగను గుడ్డలో తనే చుట్టింది, తన పాత చీర కొంగు చించి. వాసన చూస్తే తెలుస్తుంది నీకు.

పోయిన ఉత్తరంలో కటువుగా రాశాను, మనసులో పెట్టుకోకు. శబరి తీసింది, టపా కదిలింది. మీ పెద్ద దొర దసరా అయ్యాక అన్నావు గదా, ఇది సరిగ్గా అందుతుంది. నిన్ను ఖాయం చేశారన్న కబురు కోసం చూస్తుంటాము. సెలవు దొరికితే సోమమ్మను తీసుకుపో, ఇక్కడ నన్ను బతకనివ్వడం లేదు.

సంతోషంతో
మామ

* * *

ఊరి పేరు రాయకూడదు,
20 జనవరి 1944

మామా,

దండం. నీ దుంగ నిన్న అందింది. అహ్మద్‌నగర్ పోయి, అక్కడి నుంచి నా వెంటే తిరిగి తిరిగి వచ్చింది. గుడ్డ నేనే విప్పాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మామా, నీ అంతటివాడు లేడు. ఇన్ని రైళ్ళు, లారీలు, తేమ, ఒక్క పగులు లేదు. మా టాంకు తోలే హవల్దారుకు చూపిస్తే, వెనక కట్టిన అసలు దుంగనూ దీన్నీ మార్చి మార్చి చూసి, ఇదే అసలుదిలా ఉందన్నాడు. బొమ్మ లేదు, అక్కడే ఉండిపోయింది. దుంగ మాత్రం నా సంచిలో ఉంది.

ఇక్కడ కొండలు, వెదురు, మన వైపు లాగే ఉంది. ఒక్కోసారి పొద్దున లేచి చూస్తే గొల్లపల్లి తోవలో ఉన్నట్టే అనిపిస్తుంది, తరవాత శబ్దం మొదలవుతుంది. భయం వేస్తుంది మామా. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను? వాగుల్లో టాంకు దిగబడితే దిగి దుంగ వేసేది నేనే, వడ్రంగిని గదా.

ఆఖరి ఉత్తరంలో కోపంగా రాసి రైలెక్కాను. నీ ఉత్తరం ఎంత సంతోషంగా ఉందో చదివాక నా మొహం నాకే చూసుకోవాలనిపించలేదు. నాది నీకు అందాక నువ్వేమనుకున్నావో? నా మీద కోపం లేదని ఒక్క ముక్క రాయి. ఏదీ పంపొద్దు, ఉత్త కాగితం చాలు. తొందరగా రాయి.

సోమమ్మ కొంగు నా దగ్గరే ఉందని చెప్పు.

రాఘవులు

* * *

కొంటా,
14 మే 1944

అల్లుడా,

ఇది ఏ టపాకూ ఇచ్చే ఉత్తరం కాదు. నీ ఉత్తరానికి జవాబు రాయలేదు గదా, రాస్తున్నాను.

నీ ఉత్తరం మార్చిలో అందింది. ఒక్క ముక్క రాయమన్నావు. ఉత్త కాగితం పంపడమేంటి, అల్లుడు దుంగను సంచిలో పడేసి తిరుగుతున్నాడు, దానికొక పెట్టె చేసి కలిపి పంపుదామనుకున్నాను. జిట్రేగితోనే చేశాను. మూత బాగా కుదిరింది. లక్క పూశాను. ఈసారి చలి పోయినా గాలిలో తేమ పోలేదు, ఒక పూత ఆరితే గాని రెండో పూత వేయకూడదు. ఆరాక పంపుదామని చూశాను. సోమమ్మ రోజూ అడిగింది, రాశావా అయ్యా అని. రేపు, ఎల్లుండి అన్నాను.

తహసీలు జవాను వచ్చి కబురు చెప్పిన రోజు పెట్టె ఎండలో ఉంది.

మీ హవల్దారు ఎవరితోనో హిందీలో రాయించి పంపాడు. తహసీలు గుమాస్తా చదివి చెప్పాడు. వాగులో టాంకు దిగబడిందట. నువ్వు దిగి పట్టాల కింద దుంగ వేశావట. టాంకు ఒడ్డెక్కిందట. నువ్వు ఎక్కలేదట. మంచివాడని, పనిమంతుడని రాశాడు. నీ సామాను కూడా వచ్చింది. చొక్కా, గిన్నె, సోమమ్మ కొంగు, దుంగ. దుంగను వెలుతురులో పెట్టి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను. పగులు లేదు.

నాకు నీ మీద కోపం లేదురా. ఏనాడూ లేదు. ఇంత చిన్న మాటకు పెట్టె ఎందుకురా నాకు? నువ్వు తడిదే పంపమన్నావు, ఉత్తదే పంపమన్నావు. నేనే వినలేదు. నిన్ను చేజేతులా పోగొట్టుకున్నాను.

దేవా వచ్చి, వాళ్ళలో పోయినవాళ్ళకు చేసినట్టు నీ పేరున ఒక కంబం నిలబెడతానన్నాడు. చెట్టు ఎప్పుడు కొట్టాలి మామా, అమావాస్య దాకా ఆగాల్నా అని అడిగాడు. సోమమ్మ లోపలి నుంచి, "ఇంక దేనికీ ఆగేది లేదు" అంది.

నిన్న పొద్దున గంజి కాచడానికి పొయ్యి ముట్టిస్తూ, గూట్లోంచి ఆ దుంగను తీసింది. ఆగవే అన్నాను. నా మొహం చూసి, "మంచిగ ఎండింది గదా అయ్యా" అంది, పొయ్యిలో పెట్టింది. నేను పొయ్యి అవతల కూర్చున్నాను. ఇద్దరం దాన్నే చూస్తూ ఉన్నాం. కాస్త పొగ వచ్చినా, కళ్ళకు పొగ తగిలిందని చెప్పి ఒకరి ఎదుట ఒకరం ఏడ్చేవాళ్ళం. రాలేదు. బెరడుతో సహా తెల్లగా మండిపోయింది. అంత బాగా ఆరబెట్టాను.

మామ